ప్లాస్టరు లేని గోడ: పెద్దపేగు క్యాన్సర్‌ను లెక్టిన్ రంగులు ఎంతవరకు పట్టిస్తాయి?

పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్‌లో తీసిన భాగాన్ని కణితి అంచు దగ్గర కోస్తే ఒకే స్లైడు మీద ఆరోగ్యమైన పొర, కణితి పక్కపక్కనే వస్తాయి. ఆ స్లైడు మీద వేరుశనగ గింజల నుంచి తీసిన ఒక ప్రొటీన్‌ను వేసి, అది అతుక్కున్నచోట గోధుమరంగు తేలేలా చేస్తారు. మైక్రోస్కోపు కింద ముందు ఆరోగ్యమైన వైపు చూడండి. గ్రంథులు టెస్ట్‌ట్యూబుల్ని వరసగా నిలబెట్టినట్టు ఉంటాయి. వాటి గోడల్లో గోబ్లెట్ కణాలు జిగురుతో ఉబ్బి ఉంటాయి. ఆ జిగురుకు రంగు అంటదు. కణం లోపల, కేంద్రకానికి కాస్త పైన, ఒక చిన్న గోధుమ చుక్క మాత్రం కనబడుతుంది. ఇప్పుడు స్లైడును రెండు మిల్లీమీటర్లు పక్కకు జరపండి. వరస తప్పిన గ్రంథులు, వాటి మధ్య ఖాళీల్లో చిక్కటి గోధుమరంగు జిగురు, కణాల పై అంచుల వెంట గీత గీసినట్టు అదే రంగు. లోపల చుక్కగా దాగి ఉన్నది ఇక్కడ బయటికి వచ్చేసింది.

ఈ దృశ్యం చూసినవాళ్లకు వెంటనే కలిగే ఆశ ఒకటే: క్యాన్సర్‌ను గుర్తుపట్టే రంగు దొరికిందని. 1980లలో ఎందరో పరిశోధకులకు ఆ ఆశ కలిగింది. నలభై ఏళ్ల తర్వాత కూడా రోజువారీ పాథాలజీ ల్యాబుల్లో పెద్దపేగు బయాప్సీకి ఈ రంగు వేయడం లేదు. రంగు అబద్ధం చెప్పిందా, మనం దాన్ని వేరే ప్రశ్న అడిగామా? రెండోదే నిజమని నా అభిప్రాయం. ఆ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలంటే కథ మొదటికి వెళ్లాలి.

ఆ మొదలు ఆముదం గింజ. పాలమూరు, నల్గొండ ఎర్రచెలకల్లో మనవాళ్లు తరతరాలుగా పండించే పంటే. 1888లో అప్పటి రష్యా సామ్రాజ్యంలోని డోర్పాట్ విశ్వవిద్యాలయంలో (నేటి ఎస్టోనియాలోని టార్టు) పీటర్ హెర్మన్ స్టిల్‌మార్క్ తన డాక్టరేట్ కోసం ఆముదం గింజల విషాన్ని పరిశీలిస్తూ, ఆ ప్రొటీన్ కలిపితే ఎర్ర రక్తకణాలు ఒకదానికొకటి అంటుకుని ముద్ద కట్టడం గమనించాడు. ఎందుకు ముద్ద కడుతున్నాయో తెలియడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. 1936లో అమెరికాలో జేమ్స్ సమ్నర్, హోవెల్ కలిసి జాక్‌బీన్ అనే అడవి చిక్కుడు జాతి గింజ నుంచి తీసిన కాంకనవాలిన్-ఏ తో ప్రయోగాలు చేస్తూ, మామూలు చక్కెర కలిపితే ఈ ముద్దకట్టడం ఆగిపోతుందని చూపారు. అంటే ఈ ప్రొటీన్లు కణం ఉపరితలం మీదున్న చక్కెరల్నే పట్టుకుంటున్నాయి. 1954లో విలియం బాయిడ్ వీటికి లెక్టిన్లు అని పేరు పెట్టాడు. ఏరుకోవడం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చిన పేరు అది. ఎన్నో చక్కెరల్లో తనకు కావలసినదాన్నే ఏరి పట్టుకునే గుణానికి ఇంతకంటే తగిన పేరు ఉండదు.

కథ తర్వాతి మలుపు మన దేశంలోనే జరిగింది. పుణెలోని ఆర్మ్‌డ్ ఫోర్సెస్ మెడికల్ కాలేజీలో పనిచేస్తున్న జి.డబ్ల్యు.జి. బర్డ్ రకరకాల గింజల్ని నానబెట్టి, ఆ రసాలను రక్తకణాలతో కలిపి చూస్తూ వచ్చాడు. మనం ఉలవచారు కాచుకునే ఉలవల రసం 'ఏ' గ్రూపు రక్తాన్ని, అందులోనూ ఏ-1 ఉపవర్గాన్ని ప్రత్యేకంగా ముద్ద కట్టిస్తుందని 1951లో బెంగళూరు నుంచి వెలువడే కరెంట్ సైన్స్ పత్రికలో ప్రకటించాడు. బ్లడ్ బ్యాంకుల్లో ఏ-1, ఏ-2 వేరు చేయడానికి ఆ ఉలవ లెక్టిన్‌నే ఇప్పటికీ వాడుతున్నారు. 1964లో అదే బర్డ్ వేరుశనగలో మరో లెక్టిన్‌ను చూపాడు. అది మామూలు రక్తకణాలను ముట్టుకోదు. బ్యాక్టీరియా ఎంజైము తగిలి, పైనున్న చక్కెర ఊడిపోయిన రక్తకణాలనే పట్టుకుంటుంది. అనంతపురం రైతు కల్లంలో రాశిపోసే కాయలో ఉన్న ఈ ప్రొటీనే తర్వాత పేగు క్యాన్సర్ పరిశోధనలో ప్రధాన పాత్ర అయింది. వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో నేథన్ షరాన్ బృందం 1975లో దాన్ని శుద్ధి చేసింది.

పేగులో ఈ లెక్టిన్ పట్టుకునేది ఏమిటి? పెద్దపేగు లోపలి గోడ మీద జిగురు పొర ఉంటుంది. మ్యూసిన్లు అనే పొడవాటి ప్రొటీన్లు, వాటికి దట్టంగా వేలాడే చక్కెర గొలుసులు కలిస్తే ఆ జిగురు. బరువులో చక్కెర వాటానే ఎక్కువ. ఈ గొలుసుల్ని కణంలోని గాల్జీ అనే విభాగంలో ఎంజైములు ఒకదాని తర్వాత ఒకటి అల్లుతాయి. ముందు ప్రొటీన్ మీద ఎన్-అసిటైల్ గెలాక్టోసమీన్ అనే మొదటి చక్కెరను అతికిస్తాయి. అక్కడే ఆగిపోతే దాన్ని టీఎన్ యాంటిజెన్ అంటారు. దానికి గెలాక్టోస్ జతచేస్తే టీ యాంటిజెన్. వేరుశనగ లెక్టిన్ వెతికేది ఈ జంటనే. ఆరోగ్యమైన కణంలో పని ఇక్కడితో ఆగదు. ఆపైన ఇంకా చక్కెరలు, ఫ్యూకోజ్, సియాలిక్ ఆమ్లం, సల్ఫేట్ చేరి గొలుసు పూర్తవుతుంది. అడుగునున్న జంట పైవాటి కింద కప్పబడిపోతుంది.

ఇల్లు కట్టే మేస్త్రీని అడిగితే ఈ విషయం ఒక్క మాటలో తేలిపోతుంది. గోడకు ప్లాస్టరు చేశాక ఇటుక కనబడదు. ప్లాస్టరు ఎగ్గొట్టిన గోడలోనే ఇటుక బయటపడుతుంది. టీ యాంటిజెన్ ఆ ఇటుక. 1920లలో కోపెన్‌హాగన్‌లో ఓలుఫ్ థామ్సెన్, ఆ వెంటనే ఫ్రీడెన్‌రైక్ దీన్ని రక్తకణాల మీద గుర్తించారు. అందుకే దీనికి వాళ్లిద్దరి పేర్లూ కలిపి థామ్సెన్-ఫ్రీడెన్‌రైక్ యాంటిజెన్ అన్న పేరూ ఉంది. క్యాన్సర్ కణాల మీద అది బయటపడి ఉంటుందని 1970లలో, 80లలో జార్జ్ స్ప్రింగర్ అమెరికాలో పట్టుదలగా వాదించాడు. ఆరోగ్యమైన పేగు జిగురులో కూడా ఇటుక లేకపోలేదు, కప్పబడి ఉంది అంతే అని లివర్‌పూల్ శాస్త్రజ్ఞులు 1995లో రసాయనికంగా రుజువు చేశారు. స్లైడులో మొదట చూసిన చిన్న గోధుమ చుక్క అదే: గాల్జీలో ఇంకా కప్పు పడని, కట్టుబడిలో ఉన్న గొలుసు.

1982 ఈ రంగానికి పెద్ద సంవత్సరం. శాన్‌ఫ్రాన్సిస్కోలో రిచర్డ్ బోలాండ్, మాంట్‌గోమరీ, యంగ్ కిమ్ ఫ్లోరెసెంట్ రంగు తగిలించిన లెక్టిన్లతో పెద్దపేగు ముక్కలను పరిశీలించారు. ఆరోగ్యమైన గ్రంథుల పైభాగంలో, బాగా ముదిరిన గోబ్లెట్ కణాల జిగురును ఉలవ లెక్టిన్ పట్టింది. వేరుశనగ లెక్టిన్ దాన్ని వదిలేసింది. క్యాన్సర్‌లో లెక్క తారుమారైంది. ఉలవ లెక్టిన్ పట్టు సడలింది, వేరుశనగ లెక్టిన్ జిగురుకు గట్టిగా అంటుకుంది. అదే ఏడాది కూపర్ కూడా పెద్దపేగు క్యాన్సర్‌లో వేరుశనగ లెక్టిన్ ఎక్కడెక్కడ కూర్చుంటుందో చూపాడు. బోలాండ్ బృందం పని నాకు ఎంతో విలువైనదిగా కనిపించేది ఒక కారణానికి. వాళ్లు క్యాన్సర్‌ను, ఆరోగ్యాన్ని ఎదురెదురుగా పెట్టి ఊరుకోలేదు. గ్రంథి అడుగున పుట్టిన కణం పైకి ఎక్కుతూ ముదిరేకొద్దీ దాని చక్కెరలు ఎలా మారతాయో గమనించి, క్యాన్సర్‌ను ఆ ముదరడంలో వచ్చిన లోపంగా చూశారు. థైమస్ గ్రంథిలో పచ్చి లింఫోసైట్లను పండినవాటి నుంచి వేరుచేయడానికి షరాన్ బృందం అప్పటికే ఇదే వేరుశనగ లెక్టిన్‌ను వాడుతోంది. రెండుచోట్లా అది పట్టుకునేది పని పూర్తికాని గొలుసునే.

ఇక్కడే దారి రెండుగా చీలింది. లెక్టిన్ అంటితే కణం పని పూర్తికాలేదని అర్థం. చాలామంది మాత్రం అంటితే క్యాన్సర్ అని చదువుకున్నారు. ఆ చదువు తప్పని తేలడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

జొనాథన్ రోడ్స్, ఆయన సహచరులు లివర్‌పూల్‌లో అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ వ్యాధి ఉన్నవాళ్ల పేగును ఇవే లెక్టిన్లతో చూశారు. క్యాన్సర్ ఆనవాలు లేని ఆ రోగుల్లో కూడా వేరుశనగ లెక్టిన్ ఎక్కువగా అంటింది. ఆశ్చర్యపోనక్కర్లేదు. మంట పుట్టిన పేగులో కణాలు త్వరత్వరగా పుట్టి, గొలుసు అల్లే తీరిక లేకుండానే పైకి వస్తాయి. మరమ్మతులో ఉన్న ఇంటిగోడకూ ఇటుకలు కనబడతాయి కదా. కణితి పక్కనే ఉండి, మైక్రోస్కోపుకు ఆరోగ్యంగా కనిపించే పొరలో కూడా చక్కెరలు మారి ఉంటాయని ఇసాబెల్ ఫిలిపె లండన్‌లో లెక్టిన్లు ప్రచారంలోకి రాకముందే రసాయనిక రంగులతో చూపింది. అక్కడ సల్ఫేట్ ఉన్న జిగురు తగ్గి, సియాలిక్ ఆమ్లం ఉన్నది పెరుగుతుంది. ఆ మార్పు క్యాన్సర్‌కు ముందుమెట్టా, కణితి ఒత్తిడికి పక్కపొర ఇచ్చిన స్పందనా అన్న వాదన ఏళ్లపాటు సాగింది. కణితి కాని గాయాల పక్కన కూడా అదే మార్పు కనిపించడంతో, దాన్ని ముందుమెట్టుగా తీసుకోవడానికి జంకాలి.

అసలు చిక్కు మరొకటి ఉంది, దాని గురించి తగినంతగా ఎవరూ మాట్లాడటం లేదు. పెద్దపేగు మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరున ఉండదు. కుడివైపు పేగు పొర పెద్దవాళ్లలో కూడా ఏ, బి, హెచ్ రక్తవర్గ చక్కెరలను మోస్తుంది. ఎడమవైపు, మలాశయం దగ్గర, పెద్దయ్యేసరికి అవి మాయమవుతాయి. గర్భస్థ శిశువులో రెండువైపులా ఉంటాయి. ఎడమవైపు క్యాన్సర్ వచ్చినప్పుడు అవి మళ్లీ తలెత్తుతాయి. ఫ్యూకోజ్‌ను పట్టే యులెక్స్ అనే ముళ్లపొద లెక్టిన్ ఎడమవైపు పేగులో అంటితే అది చెప్పుకోదగ్గ సంకేతం. అదే లెక్టిన్ కుడివైపు అంటితే దానికి విలువే లేదు, అక్కడ అది మామూలు సంగతి. ఉలవ లెక్టిన్ సంగతి ఇంకా సున్నితం. అది బ్లడ్ బ్యాంకులో 'ఏ' గ్రూపును పట్టే గింజ అని పైన చెప్పుకున్నాం. రోగి 'ఏ' గ్రూపువాడైతే కుడివైపు పేగులో దాని రంగు క్యాన్సర్ వల్లనా, రక్తవర్గం వల్లనా? రోగి రక్తవర్గం రాయకుండా, బయాప్సీ పేగులో ఏ భాగం నుంచి తీశారో రాయకుండా వేసిన ఉలవ లెక్టిన్ స్లైడు మీద తీర్పు చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఈ వివరాలు నమోదు చేయని పాత అధ్యయనాలు ఎన్నో ఉన్నాయి. వాటి శాతాలను పక్కపక్కన పెట్టి కూడికలు చేయడం వృథా శ్రమ.

లెక్టిన్ ఏరుకుంటుందన్నా అది యాంటీబాడీ అంత పట్టింపుగా ఏరుకోదు. 1986లో యువాన్, ఇట్జ్‌కోవిట్జ్, బోలాండ్ తదితరులు వేరుశనగ లెక్టిన్‌నూ, టీ యాంటిజెన్‌కు తయారుచేసిన యాంటీబాడీలనూ అవే పేగు ముక్కల మీద పోల్చారు. రెండూ ఒకటే మాట చెప్పలేదు. లెక్టిన్ తనకు ఇష్టమైన జంటతోపాటు దాన్ని పోలిన ఇతర గెలాక్టోస్ చివరలకు కూడా అంటుకుంటుంది. తోటకూర జాతి మొక్క అమరాంథస్ కాడేటస్ లెక్టిన్‌ను 1991లో బోలాండే మళ్లీ పేగు మీద ప్రయోగించాడు. సియాలిక్ ఆమ్లం కప్పినా ఈ జంటను అది పట్టగలదు. విభజన జరుపుతున్న కణాలకు అది మంచి గుర్తు అని తేల్చాడు, క్యాన్సర్‌కు గుర్తు అనలేదు. మాటలో ఆ జాగ్రత్త నాకు నచ్చుతుంది. పనస గింజల లెక్టిన్ జాకాలిన్‌కూ ఈ గుణమే ఉంది.

బయాప్సీ అక్కర్లేకుండా వేలికొసకు తగిలిన మలాశయ జిగురుతోనే పరీక్ష చేసే ప్రయత్నం కూడా జరిగింది. 1988లో షంసుద్దీన్ బృందం గెలాక్టోస్ ఆక్సిడేజ్ ఎంజైము, షిఫ్ రంగు కలిపి, ఈ జంట చక్కెర ఉంటే ఊదారంగు వచ్చే చౌక పరీక్షను ప్రతిపాదించింది. ఆలోచన మంచిది. కానీ క్యాన్సర్ లేనివాళ్లలో కూడా రంగు తేలడం వల్ల స్క్రీనింగ్ పరీక్షగా అది నిలబడలేదు. మలంలో కంటికి కనబడని రక్తాన్ని యాంటీబాడీతో పట్టే ఫిట్ పరీక్షే చివరికి లోకమంతటా స్థిరపడింది.

రోగం వైపు ఇన్ని చిక్కులుంటే, ల్యాబు బల్ల మీద ఇంకొన్ని ఉన్నాయి. పత్రికల్లో చదివే తేడాల్లో సగం ఇక్కడే పుడతాయని అనిపిస్తుంది. పద్ధతి వినడానికి సులువు. బయోటిన్ తగిలించిన లెక్టిన్‌ను స్లైడు మీద పోస్తారు. కడుగుతారు. అవిడిన్, పెరాక్సిడేజ్ కలిపిన ద్రవం పోస్తారు. మళ్లీ కడిగి డాబ్ అనే రసాయనం వేస్తే గోధుమరంగు తేలుతుంది. చివర హెమటాక్సిలిన్‌తో కేంద్రకాలకు నీలం ఇస్తారు. ఎక్కడ దెబ్బతింటుంది? చిక్కుడు జాతి లెక్టిన్లు చక్కెరను పట్టాలంటే కాల్షియం, మాంగనీస్ అయాన్లు కావాలి. కడిగే ద్రవంలో ఈడీటీఏ ఉంటే ఆ అయాన్లను లాగేస్తుంది, లెక్టిన్ చచ్చుబడుతుంది. అనవసరపు అంటుకోవడాన్ని ఆపడానికి ఇమ్యూనో ల్యాబుల్లో అలవాటుగా వాడే సీరం లేదా పాలపొడి ఇక్కడ శత్రువులు. వాటిలోని ప్రొటీన్లకే చక్కెరలుంటాయి, లెక్టిన్ ముందు వాటినే పట్టుకుంటుంది. చక్కెర లేని ఆల్బుమిన్ వాడాలి. పేగు కణాల్లో సహజంగా ఉండే బయోటిన్‌ను ముందే కప్పేయకపోతే ఆరోగ్యమైన కణం కూడా గోధుమరంగు చూపి మోసం చేస్తుంది. వీటన్నిటికీ మించి ఒక పరీక్ష తప్పనిసరి. పక్క స్లైడు మీద లెక్టిన్‌తోపాటు గెలాక్టోస్ ద్రావణం కూడా పోయాలి. లెక్టిన్ చేతులు ఆ గెలాక్టోస్‌తో నిండిపోతాయి కాబట్టి రంగు పోవాలి. పోకపోతే ఆ స్లైడులో మీరు చూస్తున్నది చక్కెర కాదు. ఇంకో స్లైడును న్యూరమినిడేజ్ ఎంజైముతో కడిగి సియాలిక్ ఆమ్లాన్ని తీసేస్తే, కప్పు కింద దాగినవి ఎన్నో, అసలు లేనివి ఎన్నో తేలుతుంది. నా దృష్టిలో ఈ రెండు తోడు స్లైడులు లేని వ్యాసాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదు.

రోగం ఉందా లేదా అన్న ప్రశ్నను వదిలి, ఉన్న రోగం ఎటు పోతుంది అని అడిగినప్పుడు లెక్టిన్లు ఇంకాస్త మెరుగ్గా పలికాయి. దీనికి దారి చూపింది ఒక నత్త. యూరప్‌లో తినే పెద్ద నత్త హెలిక్స్ పొమేషియా గుడ్లకు రక్షణగా ఒక లెక్టిన్‌ను తయారుచేస్తుంది. అది ఎన్-అసిటైల్ గెలాక్టోసమీన్‌ను పడుతుంది. లండన్‌లో ఆంథనీ లేథమ్, సూసన్ బ్రూక్స్ రొమ్ము క్యాన్సర్ ముక్కలకు దీన్ని వేసి, రంగు అంటిన కణితులు లింఫ్ గ్రంథులకు పాకే అవకాశం ఎక్కువని 1987లో, 1991లో లాన్సెట్ వైద్యపత్రికలో రాశారు. ఆ తర్వాత పెద్దపేగు క్యాన్సర్‌లో కూడా ఇదే ధోరణిని వేర్వేరు బృందాలు చూపాయి. రాజ్మా గింజల లెక్టిన్‌ది మరో దారి. అది జిగురు గొలుసుల జోలికి పోదు, వేరే రకం గొలుసులు చెట్టుకొమ్మల్లా ఎక్కువ చీలినప్పుడు పట్టుకుంటుంది. ఆ చీలిక పెరిగితే ఎలుకల్లో క్యాన్సర్ పాకే శక్తి పెరుగుతుందని జేమ్స్ డెన్నిస్ టొరంటోలో 1987లో చూపాడు. 1998లో సీలెన్‌టాగ్ బృందం పెద్దపేగు క్యాన్సర్ రోగుల్లో ఈ రంగు ఎక్కువున్నవాళ్లు తక్కువ కాలం బతికారని కనుగొంది. సియాలిక్ ఆమ్లం కప్పిన టీఎన్ యాంటిజెన్‌కు కూడా రోగి భవిష్యత్తుతో ముడి ఉందని ఇట్జ్‌కోవిట్జ్ 1990లో చెప్పాడు, అయితే అతను వాడింది యాంటీబాడీ. ఇవేవీ ఇంకా మందులు ఎంచే గదిలోకి రాలేదు. కణితి ఎంత లోతుకు దిగింది, ఎన్ని లింఫ్ గ్రంథుల్లో ఉంది అన్న పాత కొలతలు ముందే చెప్పేదానికి లెక్టిన్ కొత్తగా ఎంత చేరుస్తుందో గట్టిగా తేలాలి.

ప్లాస్టరు ఎందుకు ఆగుతుంది? ఈ ప్రశ్నకు జవాబులు వచ్చాకే లెక్టిన్ రంగులకు లోతు వచ్చింది. ఆరోగ్యమైన పెద్దపేగు మొదటి చక్కెర మీద గెలాక్టోస్‌కు బదులు ఎక్కువగా ఎన్-అసిటైల్ గ్లూకోసమీన్ పెడుతుంది. దీన్ని కోర్-3 దారి అంటారు. క్యాన్సర్‌లో ఆ దారిని నడిపే ఎంజైము తగ్గిపోతుంది. ఆ ఎంజైము లేని ఎలుకలకు కొలైటిస్, పేగు కణితులు తొందరగా వస్తాయని 2007లో తేలింది. అంటే చక్కెర మార్పు క్యాన్సర్ వదిలిన పాదముద్ర మాత్రమే కాదు, దాని నడకలో అదీ ఒక కాలు. ఫిన్‌లాండ్‌లో కెల్లోకుంపు బృందం 2002లో మరో కారణం చూపింది. పేగు క్యాన్సర్ కణాల్లో గాల్జీ లోపలి ఆమ్లత తగ్గి, దాని అరలు చెదిరిపోతాయి, ఎంజైములు తమ వంతు తప్పుతాయి. టీ యాంటిజెన్ అల్లే ఎంజైముకు తోడుండే కాస్మ్‌క్ అనే సహాయక ప్రొటీన్ చెడితే గొలుసు టీఎన్ దగ్గరే ఆగిపోతుందని టాంగ్‌జాంగ్ జు, రిచర్డ్ కమ్మింగ్స్ వెల్లడించారు. మన ఒంట్లోని లెక్టిన్ అయిన గెలెక్టిన్-3 రక్తంలో తిరుగుతూ క్యాన్సర్ కణం మీది టీ యాంటిజెన్‌ను పట్టుకుని, ఆ కణం రక్తనాళపు గోడకు అంటుకోవడానికి సాయపడుతుందని లివర్‌పూల్‌లోని లుగాంగ్ యు బృందం చూపింది. గాజుపలక మీద వేరుశనగ చేసే పనిని ఒంట్లో గెలెక్టిన్ చేస్తోందన్నమాట.

ఇది చదువుతున్నవాళ్లకు ఈపాటికి ఒక భయం కలిగి ఉంటుంది: పల్లీలు తినొచ్చా? ప్రశ్న న్యాయమైనదే, శాస్త్రజ్ఞులు కూడా అడిగారు. వేరుశనగ లెక్టిన్ అరగకుండా పేగు దాటి రక్తంలోకి చేరుతుందని లివర్‌పూల్ బృందం 1998లో వాలంటీర్లకు 200 గ్రాముల పల్లీలు తినిపించి చూపింది. పరీక్షపాత్రలో అది పేగు కణాల విభజనను పెంచుతుందనీ, పేగు పొరలో దానికి పట్టు ఉన్నవాళ్లు కొన్ని రోజులు పల్లీలు తింటే మలాశయంలో కణవిభజన పెరుగుతుందనీ కూడా చెప్పింది. ఆసక్తికరమైన ఫలితాలే. కానీ పల్లీలు తినేవాళ్లలో పేగు క్యాన్సర్ ఎక్కువని జనసమూహాల అధ్యయనాలు చూపలేదు. కణవిభజన పెరగడం వేరు, క్యాన్సర్ రావడం వేరు. పల్లీ చట్నీ మానేయమని ఈ వ్యాసం చెప్పడం లేదు.

పెద్దపేగులో అందని విజయం ఇతర అవయవాల్లో అందింది. కాలేయ క్యాన్సర్‌లో రక్తంలో పెరిగే ఆల్ఫా ఫీటో ప్రొటీన్ హెపటైటిస్‌లోనూ పెరుగుతుంది. మసూర్ పప్పు లెక్టిన్ పట్టుకునే, ఫ్యూకోజ్ ఉన్న భాగాన్ని మాత్రం విడిగా కొలిస్తే అది క్యాన్సర్ వైపు గట్టిగా మొగ్గుతుంది. ఏఎఫ్‌పీ-ఎల్3 అనే ఆ పరీక్ష జపాన్‌లో ఏళ్లుగా వాడుకలో ఉంది, 2005లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి పొందింది. ఇది ఎందుకు గెలిచింది? లెక్టిన్‌ను ఒంటరిగా నిలబెట్టలేదు. ముందు ఒక ఖచ్చితమైన ప్రొటీన్‌ను ఎంచి, ఆ ప్రొటీన్ మీది చక్కెరను అడిగారు. పేగులో మనం దీనికి ఉల్టా చేశాం, ఏ ప్రొటీన్ మీద అని అడగకుండా కనబడ్డ చక్కెరనల్లా లెక్కపెట్టాం. పేగు పరిశోధన కూడా ఈ దారి పట్టాలి. ఫలానా మ్యూసిన్ మీద ఫలానా చక్కెర ఉందా అని ఒకేసారి యాంటీబాడీతో, లెక్టిన్‌తో అడిగితే జవాబు మరింత నికరంగా వస్తుంది.

ఎండోస్కోపీ వైపు ఇంకో తలుపు తెరుచుకుంది. అన్నవాహిక లోపలి పొర పేగు పొరలా మారే బారెట్ మార్పు ఉన్నచోట గోధుమ మొలక లెక్టిన్‌కు ఫ్లోరెసెంట్ రంగు కట్టి చల్లితే, క్యాన్సర్ వైపు జారుతున్న మచ్చలు రంగు పట్టని చీకటి చోట్లుగా కనబడతాయని కేంబ్రిడ్జ్‌లో రెబెకా ఫిట్జ్‌జెరాల్డ్ బృందం 2012లో చూపింది. పేగులో కూడా వేరుశనగ లెక్టిన్ పూసిన ఫ్లోరెసెంట్ రేణువులతో జపాన్‌లో ప్రయత్నాలు జరిగాయి. కంటికి చదునుగా కనబడి తప్పించుకునే మచ్చల్ని కొలనోస్కోపీ చేసే డాక్టరుకు చూపగలిగితే చాలు, ఇది రోగం అని అక్కడికక్కడ తేల్చనక్కర్లేదు. ఎక్కడ ముక్క తీయాలో చెబితే సరిపోతుంది. లెక్టిన్ స్వభావానికి ఇది తగిన పని. తేల్చే పని బయాప్సీ చూసుకుంటుంది.

ఈ లెక్టిన్ల నిర్మాణం విప్పిచెప్పిన పనిలో మన దేశపు వాటా పెద్దది. వేరుశనగ లెక్టిన్ నాలుగు భాగాలు అసాధారణమైన అమరికలో కలిసి ఉంటాయని 1994లో బెంగళూరు ఐఐఎస్‌సీలో ఎం. విజయన్, అవధేశ సురోలియా బృందం చూపింది. పనస లెక్టిన్ జాకాలిన్ రూపాన్ని 1996లో అదే బృందం బయటపెట్టింది. ఆ పత్రానికి మొదటి రచయిత అయిన రాజన్ శంకరనారాయణన్ తర్వాత హైదరాబాద్ సీసీఎంబీకి వచ్చారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ముస్తి జె. స్వామి పొట్లకాయ గింజల లెక్టిన్ మీద ఏళ్లతరబడి పనిచేశారు. గింజల్ని అర్థం చేసుకున్న ఇంతమంది మన చేరువలో ఉండగా, వాటిని మన రోగుల పేగుముక్కల మీద, మన రక్తవర్గాల వివరాలతో, మనలో ఎక్కువగా కనిపించే ఎడమవైపు, మలాశయ క్యాన్సర్ల మీద పద్ధతిగా పరీక్షించే పని కూడా ఇక్కడే జరగాలని నా కోరిక.

నా తీర్పు ఇది. పెద్దపేగులో క్యాన్సర్ ఉందో లేదో ఒక్క లెక్టిన్ రంగుతో చెప్పాలని చూడటం తప్పు, ఆ వాదనను ఇక ముగించవచ్చు. పేగు భాగం, రక్తవర్గం, మంట ఉందా లేదా అన్నవి రాసి, గెలాక్టోస్ తోడు స్లైడుతో, యాంటీబాడీ జతగా చేసిన లెక్టిన్ పరీక్ష మాత్రం కణం తన పనిని ఎక్కడ వదిలేసిందో మరే రంగూ చెప్పలేనంత స్పష్టంగా చెబుతుంది. ఆ సమాచారం పరిశోధనకు ఇప్పుడే పనికొస్తుంది. చికిత్స గదికి చేరడానికి ఇంకా పని ఉంది.

పాఠకులకు ఒక మాట. ఈ వ్యాసంలో చెప్పిన రంగులన్నీ పేగు ముక్క ల్యాబుకు చేరాకే మొదలవుతాయి. మన దేశంలో ప్రభుత్వం ఊరూరా చేసే క్యాన్సర్ స్క్రీనింగ్‌లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం ఉన్నాయి, పెద్దపేగు లేదు. కాబట్టి మలంలో రక్తం పడినా, విరేచనం అలవాటు వారాల తరబడి మారినా, కారణం తెలియకుండా రక్తహీనత వచ్చినా మొలలే కదా అని నాటుమందుతో సరిపెట్టుకోకండి. డాక్టరు దగ్గరికి వెళ్లి, అవసరమైతే కొలనోస్కోపీ చేయించుకోండి. ఇంట్లో తల్లికో తండ్రికో అన్నదమ్ములకో పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉంటే ఏ లక్షణమూ లేకపోయినా మీ పరీక్ష ఎప్పుడు మొదలుపెట్టాలో ఇప్పుడే అడగండి.